ఎవరి ప్రశ్న ముందు? మూల్యాంకనానికి దిగేముందు చేయాల్సిన పని

మీ చేతికి ఒక మూల్యాంకనం పని వచ్చిందనుకుందాం. పలమనేరు వైపో, గంగాధర నెల్లూరు వైపో ఒక స్వచ్ఛంద సంస్థ మూడేళ్ళపాటు ఆడవాళ్ళకు పాడి కార్యక్రమం నడిపింది. సీమావులు కొనడానికి అప్పులు ఇప్పించింది, గడ్డి కత్తిరించే మిషన్లు ఇచ్చింది, దాణా కలపడం నేర్పింది. ఇదంతా ఎంతవరకు పనిచేసిందో చూసి చెప్పమన్నారు. గడువు నెల రోజులు. బడ్జెట్ అంతంతమాత్రం. ఇలాంటప్పుడు మనలో చాలామంది వెంటనే ప్రశ్నావళి రాయడానికి కూర్చుంటారు. శాంపిల్ తీసి, ఫారం ట్యాబ్‌లోకి ఎక్కించి, జీపు మాట్లాడుకుని బయల్దేరతారు.

ప్రశ్నావళి కంటే ముందు వారం రోజులు చేయాల్సిన పని ఒకటుంది. దాని గురించే ఇక్కడ రాస్తున్నాను. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది వదిలేయాలి అన్నది పైకి లెక్కల వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి అది మనుషుల వైఖరుల మీద తేలిపోతుంది. డబ్బిచ్చినవాళ్ళు దేన్ని నమ్ముతున్నారు, నడిపినవాళ్ళు దేనికి భయపడుతున్నారు, ఊళ్ళో ఆడవాళ్ళు ఏ సంగతి చెప్పినా లాభం లేదని నోరు మూసుకున్నారు అనేవాటిని బట్టే మీ ప్రశ్నల వరుస తయారవుతుంది. ఇది మీ కళ్ళెదుట జరగకపోతే, ఎవరో ఒకరి ప్రశ్నకు జవాబు వెతికి దాన్నే కార్యక్రమం ఫలితమని రాసేస్తారు. నేను అలా రాసిన రిపోర్టు ఒకటుంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మొదటి పని: ప్రతి ప్రశ్న పక్కన ఒక పేరు

టీఓఆర్ (మీరు ఏం చూడాలో, ఏ ప్రశ్నలకు జవాబు చెప్పాలో రాసిచ్చే పత్రం) ప్రింటు తీసుకుని, అందులో ఉన్న ఒక్కో ప్రశ్న పక్కన పెన్సిలుతో "ఇది ఎవరికి కావాలి?" అని రాసి జవాబు నింపండి. దాత సంస్థ, కార్యక్రమం నడిపిన సంస్థ, పశుసంవర్ధక శాఖ, బ్యాంకు, ఆవు తీసుకున్న ఆడవాళ్ళు, ఇలా. పావుగంట పని. పూర్తయ్యాక ఒకసారి లెక్కపెట్టండి. పాల దిగుబడి ఎంత పెరిగింది, అప్పు వాయిదాలు ఎంతమంది కట్టారు, శిక్షణకు ఎంతమంది వచ్చారు... వీటి పక్కన మొదటి రెండు పేర్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆడవాళ్ళ పేరు పక్కన ఒక్క ప్రశ్న కూడా లేని టీఓఆర్‌లు నేను చాలానే చూశాను.

దానర్థం దాత చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళ డబ్బు ఏమైందో తెలుసుకునే హక్కు వాళ్ళకుంది. కాకపోతే ప్రశ్న రాసేవాళ్ళు తమకు అలవాటైన కొలబద్దతోనే రాస్తారు. బెంగళూరులోనో ఢిల్లీలోనో కూర్చున్న మనిషికి లీటరు కనిపిస్తుంది, కొట్టంలో పేడ ఎత్తే చేతులు కనిపించవు. 1970లలోనే అమెరికాలో రాబర్ట్ స్టేక్ అనే మూల్యాంకన నిపుణుడు ఈ మాట గట్టిగా చెప్పాడు: కార్యక్రమంతో సంబంధం ఉన్నవాళ్ళ ఆందోళనల చుట్టూనే ప్రశ్నలు కట్టుకోవాలి, ముందే రాసిపెట్టుకున్న లక్ష్యాల చుట్టూ మాత్రమే కాదు అని. మన దగ్గర దీనికి దగ్గరి ఉదాహరణ సామాజిక తనిఖీ. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పనుల మీద సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టర్‌లో (కూలీల హాజరు పట్టీలో) ఉన్న పేర్లు, రోజులు, కూలి డబ్బులు ఊరి మధ్య చదివి వినిపిస్తారు. తన పేరు మీద లేని రోజు రాసుంటే ఆ మనిషే లేచి అడుగుతాడు. అక్కడ ప్రశ్న పుట్టేది పని చేసినవాళ్ళ దగ్గర. మీ పాడి మూల్యాంకనంలో అలాంటి చోటు ఎక్కడుందో వెతకండి.

రెండో పని: జాబితాలో లేనివాళ్ళను కలపండి

సంస్థ మీకొక జాబితా ఇస్తుంది. అందులో ఆవులు తీసుకున్నవాళ్ళు, వీవోఏలు (గ్రామ సమాఖ్య సహాయకులు), సమాఖ్య నాయకురాళ్ళు, పశువైద్యుడు, బ్యాంకు మేనేజరు ఉంటారు. దానికి మీరు కనీసం నాలుగు రకాల మనుషుల్ని చేర్చాలి. ఆవు తీసుకుని ఏడాదిలోపే అమ్ముకున్నవాళ్ళు ఒకరు. బోరు లేక నేపియర్ గడ్డి పెంచుకోలేక, అసలు దరఖాస్తే పెట్టనివాళ్ళు ఇంకొకరు. పాల కేంద్రంలో కొలత తీసే మనిషి. ఆ ఇళ్ళలోని మగవాళ్ళు.

అమ్ముకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఫీల్డు సిబ్బందికి ఇష్టం ఉండదు. "వాళ్ళు పనికి పోయుంటారు మేడం, దొరకరు" అంటారు. ఒక్కోసారి అది నిజమే. ఒక్కోసారి ఆ మాట వెనక వాళ్ళ ఉద్యోగ భయం ఉంటుంది, ఆ భయాన్ని తప్పుపట్టకండి. పక్కన కూర్చుని, "ఎందుకు అమ్మారో తెలిస్తే తర్వాతి ప్రాజెక్టులో మీ పనే సులువవుతుంది" అని చెప్పండి. మీరు నిజాయితీగా చెప్తున్నారని తెలిస్తే వాళ్ళే దారి చూపిస్తారు.

గ్రామీణాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ చేంబర్స్ 1983లో గ్రామాలకు వెళ్ళే బయటివాళ్ళ అలవాట్ల గురించి రాశాడు. తారురోడ్డు పక్క ఊళ్ళకే వెళ్తారు, వానలు లేని రోజుల్లోనే వెళ్తారు, మగవాళ్ళతోనే మాట్లాడతారు అని. నలభై ఏళ్ళు దాటినా బెంగళూరు హైవే పక్కన ఉన్న పల్లెలకే మన జీపులు ఎక్కువగా ఆగుతున్నాయి. ఊళ్ళ ఎంపికలో కనీసం ఒకటి బస్సు దిగి నడవాల్సిన పల్లె ఉండేలా చూసుకోండి.

మూడో పని: వైఖరిని వినడం

నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టేది ఇదే, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

వైఖరి ఏమిటని ఎవరినీ నేరుగా అడగలేం. "ఈ కార్యక్రమం మీద మీ అభిప్రాయం ఏమిటి?" అంటే "బాగుంది మేడం" అని వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. దాతకైనా, డైరెక్టరుకైనా, ఆవు కాసుకునే అక్కకైనా నేను అడిగేవి మూడు ప్రశ్నలు. ఈ రిపోర్టు వచ్చాక మీరు ఏ పని వేరేగా చేస్తారు? ఏం తేలితే మీకు ఇబ్బంది? ఎవరూ అడగనిది, మీరు చెప్పాలనుకునేది ఏమిటి?

మొదటిదానికి జవాబు లేకపోతే ఆ మనిషికి రిపోర్టు కేవలం ఫైల్లో పెట్టుకోవడానికే అని అర్థం. వాళ్ళ ప్రశ్నలకు అంత బరువు ఇవ్వక్కర్లేదు, వాళ్ళు ఎంత పెద్ద కుర్చీలో ఉన్నా సరే. రెండోదానికి చాలామంది నవ్వి తప్పించుకుంటారు. ఆ నవ్వు వచ్చిన చోటు గుర్తు పెట్టుకోండి. మూడోది మాత్రం పొద్దుపోయాక, టీ తాగుతూ అడగాల్సిన ప్రశ్న.

వైఖరి చాలాసార్లు సాంకేతిక సలహా వేషంలో వస్తుంది. "శాంపిల్ చిన్నది చాలు", "గుణాత్మక సమాచారం దాతకు నచ్చదు", "ఆ మండలం కలిపితే లెక్క కుదరదు" అన్నప్పుడు అది నిజంగా లెక్క మాటేనా అని ఒక్కసారి ఆలోచించండి. ఈ చివరి మాట మన దగ్గర తరచుగా వినిపిస్తుంది, దానికి కారణం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయి, అందులోని 66 మండలాలు చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లోకి చీలాయి. దానికి ముందు తీసిన బేస్‌లైన్ (కార్యక్రమం మొదట్లో తీసిన లెక్క) పాత జిల్లా పేరుతో ఉంటుంది, ఇప్పటి అంకెలు కొత్త జిల్లా పేరుతో వస్తాయి. సరిపోల్చాలంటే మండలాల వారీగా విడదీయాలి. ఇది నిజమైన ఇబ్బందే. అదే ఇబ్బందిని ఫలితం బాగాలేని మండలాన్ని తప్పించడానికి వాడుకోవడమూ జరుగుతుంది. విడదీయడానికి పట్టేది ఒక రోజు. ఆ రోజు మీరే కేటాయించండి, అప్పుడు అభ్యంతరం ఉంటుందో పోతుందో చూడండి.

ఇక నా రిపోర్టు సంగతి. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి పాడి కార్యక్రమానికే నేను మూల్యాంకనం చేశాను. దాతకు లీటర్లు ముఖ్యం, నడిపిన సంస్థకు అప్పు వసూళ్ళు ముఖ్యం. నేను ఆ రెండూ చక్కగా లెక్కగట్టాను. రెండూ బాగున్నాయి. రిపోర్టు ఇచ్చేశాక ఫొటోల కోసం ఒక పల్లెకు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. తెల్లవారుజామున అయిదున్నర. పాల కేంద్రం ముందు ట్యూబులైటు వెలుతుర్లో క్యాన్ల వరుస. ఒకక్క పాలు పోసి, మిషన్ నుంచి వచ్చిన చీటీని చీరకొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"లీటర్లు పెరిగిండాయి మేడం, కాదనను. మీరు రాసుకునింది నిజమే. దీన్ని చూడండి."

చీటీలో వెన్న 3.4 ఉంది. ఆమె పాత జెర్సీ ఆవుకు 4 దాటేదట. కొత్తది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం. ఆ జాతి పాలు ఎక్కువ ఇస్తుంది గానీ వెన్న తక్కువ. పాలకు రేటు కట్టేది వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం చూసే గనక లీటరు రేటు తగ్గింది. పైగా దాణా బస్తాల బాకీ పాల బిల్లులోనే పట్టుకుంటారు.

"బాకీ పోను చేతికొచ్చేది పాతావప్పుడు వచ్చినంతే. గడ్డి కోసేది, కడిగేది మాత్రం రెండింతలయింది. ఏం చేసేది?" అనింది.

"ఈ మాట సర్వేలో చెప్పలేదేమక్కా?" అని అడిగాను.

"మీరు అడగలేదు కదా మేడం. లీటర్లు అడిగినారు, చెప్పినాం."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. క్యాను భుజానికెత్తుకుని ఇంటికి పోయింది, నేను చీటీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. రిపోర్టులో ఒక్క అంకె తప్పు లేదు. చేతికొచ్చే రూపాయి, పడే చాకిరీ అన్న రెండు ప్రశ్నలు మాత్రం అందులో లేవు. ఆ ప్రశ్నలున్న మనిషిని ప్రశ్నావళి రాసేటప్పుడు నేను పిలవలేదు. అప్పటికే ఆ రిపోర్టు చూసి ఇంకో రెండు మండలాలకు అదే జాతి ఆవులు ఇచ్చే ఆలోచన నడుస్తోంది. నేను ఫోన్ చేసి, అనుబంధం రాసి పంపాను. ఆలస్యమైంది. ఇప్పుడు ఈ వారం పని మీతో చేయించాలనుకోవడానికి కారణం ఆ చీటీనే.

మధ్యలో ఒక చిన్న పని: మీ వైఖరి కూడా రాసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో, ఫీల్డుకి వెళ్ళకముందే, "ఈ కార్యక్రమం బాగా పనిచేసిందని అనుకుంటున్నానా? ఎందుకు?" అని నాలుగు వాక్యాలు రాయండి. తర్వాతి పని కూడా ఇదే సంస్థ ఇస్తుందన్న ఆశ ఉంటే అదీ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. విశ్లేషణ చేసేటప్పుడు ఒకసారి తిరగేస్తే చాలు.

నాలుగో పని: చింతగింజలతో వరుస కట్టించడం

ఇప్పుడు మీ దగ్గర పాతికో ముప్పయ్యో ప్రశ్నలుంటాయి. దాతవి, సంస్థవి, ఆడవాళ్ళవి, అమ్ముకున్నవాళ్ళవి. వీటిని కలిపేసి, ఒకే తీరువి ఒకచోట చేర్చి పది పన్నెండుకు తగ్గించండి. ఒక్కో ప్రశ్నకు ఒక అట్టముక్క. చదవలేనివాళ్ళకు అర్థమయ్యేలా బొమ్మ వేయండి: క్యాను, రూపాయి నోటు, గడ్డిమోపు, సూది, గడియారం. మనిషికి పది చింతగింజలు ఇచ్చి, "ఏది తెలుసుకోవడం మీకు ముఖ్యమో దాని మీద ఎక్కువ గింజలు పెట్టండి" అనండి. అన్నీ ఒకదాని మీదే పెట్టొచ్చు, పంచనూ వచ్చు.

అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టకండి. సమాఖ్య నాయకురాలు గింజ పెట్టిన చోటే మిగతావాళ్ళూ పెడతారు. అత్త ఉంటే కోడలు చేయి చాచదు. ఆవులున్న ఆడవాళ్ళు వేరు, అమ్ముకున్నవాళ్ళు వేరు, మగవాళ్ళు వేరు, సిబ్బంది వేరు. ఎస్సీ కాలనీలో విడిగా, వాళ్ళ దగ్గరికే వెళ్ళి చేయండి. దాతతో కూడా ఇదే చేయించండి, వీడియో కాల్‌లో అంకెలు రాయించుకున్నా సరే. పెద్దవాళ్ళ చేత చింతగింజల ఆట ఆడించడమేంటని మొహమాటపడకండి. వాళ్ళూ పది గింజలే ఉన్నప్పుడు దేన్ని వదులుకోవాలో ఆలోచిస్తారు.

సమయం విషయంలో కచ్చితంగా ఉండండి. పొద్దున అయిదు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పాడి ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. పదకొండు నుంచి ఒంటిగంట మధ్య మంచిది. జూన్, జూలైలో తోతాపురి కోతకొస్తే తోటల్లో కూలి పని దొరుకుతుంది, ఆ రోజుల్లో ఒక పూట మీతో కూర్చుంటే ఒక పూట కూలి పోయినట్టే. ఊరి గంగమ్మ జాతర వారం, కనుమ ముందూ వెనకా వెళ్ళొద్దు.

గింజలు లెక్కపెట్టాక కొత్తవాళ్ళు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. అన్ని గుంపుల గింజలూ కూడి సగటు తీస్తారు. దయచేసి అలా చేయొద్దు. సగటులో అందరి ప్రశ్నలూ మధ్యలోకి చేరిపోతాయి. గుంపుల వారీగా పక్కపక్కన వరుసలు రాయండి. దాత ఎనిమిది గింజలు పెట్టిన చోట అమ్ముకున్నవాళ్ళు సున్నా పెట్టారా? ఆ తేడానే మీ మూల్యాంకనంలో మొదటి ఫలితం. సర్వే మొదలుకాకముందే చేతికొచ్చిన ఫలితం. దాన్ని మొదటి అధ్యాయంలోనే రాయండి.

మీ గుంపుల్లో తరచుగా కనిపించే ఒక తీరు చెప్తాను. ఇంట్లో మగవాళ్ళు పాల రేటు మీద, అప్పు మీద గింజలు పెడతారు. ఆడవాళ్ళు డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది అన్నదాని మీద, గడియారం బొమ్మ మీద పెడతారు. ఫీల్డు సిబ్బంది శిక్షణల మీద పెడతారు, ఎందుకంటే వాళ్ళు కష్టపడింది అక్కడ. పశువైద్యుడికి టీకాలు, చూడి నిర్ధారణ ముఖ్యం. ఎవరూ అబద్ధం ఆడడంలేదు. ఎవరి చెమట ఎక్కడ కారిందో వాళ్ళ గింజలు అక్కడికి వెళ్తాయి.

అయిదో పని: కత్తిరింపు

ఇంత చేశాక కూడా ప్రశ్నలు ఎక్కువే ఉంటాయి. నెల రోజుల్లో, తక్కువ డబ్బుతో, అయిదింటికి మించి గట్టిగా జవాబు చెప్పలేరు. ఒక్కో అట్టముక్క చేతిలోకి తీసుకుని చూడండి: దీనికి జవాబొస్తే ఫలానా మనిషి ఫలానా నిర్ణయం మార్చుకుంటాడని చెప్పగలరా? మీకున్న రోజుల్లో, మీకు దొరికే లెక్కలతో జవాబు రాబట్టగలరా? ఇది వదిలేస్తే ఎవరికి నష్టం? మొదటి రెండింటికీ లేదనే జవాబైతే పక్కన పెట్టేయండి. మూడోదానికి "నోరు లేనివాళ్ళకు" అని వస్తే మాత్రం, మొదటిదానికి జవాబు బలహీనంగా ఉన్నా ఉంచండి. నా పద్ధతిలో అయిదింటిలో ఒక చోటు ఎప్పుడూ అధికారం లేని గుంపు ప్రశ్నకే. బేరం లేదు. దాత కాదంటే, వాళ్ళ నాలుగు ప్రశ్నలకు పూర్తి న్యాయం చేస్తానని చెప్పి ఒప్పించండి. నాకు తెలిసినంతలో, మర్యాదగా కారణం చూపిస్తే ఒప్పుకోనివాళ్ళు తక్కువ.

అయిదూ తేలాక ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం పనిచేసే దేశాల సంస్థ) మూల్యాంకనానికి పెట్టిన కొలమానాలతో ఒకసారి సరిచూసుకోండి. 1991లో అవి అయిదు: అవసరానికి తగినదేనా, లక్ష్యం నెరవేరిందా, ఖర్చుకు తగ్గ పనేనా, దీర్ఘకాల ప్రభావం ఏమిటి, నిలబడుతుందా. 2019లో ఆరోది చేర్చారు: అదే చోట నడిచే మిగతా కార్యక్రమాలతో పొసగుతోందా అని. ఈ జాబితాతో మొదలుపెడితే అది మీ ప్రశ్నల్ని మింగేస్తుంది. చివర్లో చూస్తే మరిచిపోయినది గుర్తుచేస్తుంది. పాడి విషయంలో నేను ఎప్పుడూ మరిచిపోయేది ఆరోదే. అదే ఊళ్ళో పొదుపు సంఘం అప్పు, బ్యాంకు అప్పు, డెయిరీ ఇచ్చే దాణా బాకీ ఒకే ఇంటి మీద పడుతుంటాయి.

ఆరో పని: వదిలేసినవి కూడా కాగితం మీద పెట్టండి

ఒక పేజీ చాలు. ఎడమవైపు తీసుకున్న అయిదు ప్రశ్నలు, ఒక్కోటీ ఎవరి దగ్గర నుంచి వచ్చింది. కుడివైపు వదిలేసినవి, ఎందుకు వదిలేశాం. ఆ పేజీ దాతకూ సంస్థకూ పంపి, సరేనని మెయిల్లో జవాబు తెప్పించుకోండి. ఇది తెప్పించుకోకపోతే, ఫలితాలు చేదుగా వచ్చిన రోజున "మేం అడిగింది ఇది కాదు కదా" అన్న మాట వినాల్సి వస్తుంది. ఊళ్ళో గింజలు పెట్టినవాళ్ళకు కూడా చెప్పండి: మీరు అడిగిన వాటిలో ఇవి తీసుకున్నాం, గొడ్ల బీమా సంగతి ఈసారి చూడలేకపోతున్నాం, కారణం ఇది అని. వదిలేశామని చెప్తే కోపం రాదు. అడిగి, గింజలు పెట్టించుకుని, మళ్ళీ కనిపించకపోతే వస్తుంది.

సర్వే మధ్యలో వరుస మారితే భయపడకండి. రెండో ఊళ్ళోనే ఒక కొత్త సంగతి అందరి నోటా వినిపిస్తే, వదిలేసిన వాటిలో ఒకదాన్ని లోపలికి తెచ్చి ఇంకోదాన్ని బయట పెట్టండి. పేజీలో తేదీ వేసి మార్పు రాయండి. దాతకు ఆ రోజే చెప్పండి, చివర్లో కాదు.

రిపోర్టు పూర్తయ్యాక దాత ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇచ్చే ముందు పల్లెకు ఒక పూట వెళ్ళాలి. దానికి బడ్జెట్‌లో ముందే ఒక రోజు జీపు ఖర్చు వేసుకోండి, లేకపోతే జరగదు. పాల కేంద్రం దగ్గరే, పొద్దున పాలు పోయడం అయ్యాక, క్యాన్లు కడుక్కునే వేళ పది నిమిషాలు చాలు. అయిదు ప్రశ్నలూ, వాటి జవాబులూ తెలుగులో, నోటితో చెప్పండి. పెద్ద అట్ట మీద అంకెలు రాసి గోడకు ఆనించండి. లీటర్ల పక్కన వెన్న శాతం, దాని పక్కన బాకీ పోను చేతికొచ్చిన రూపాయి ఉండాలి. ఎవరైనా తమ చీటీ తీసి చూపించి "మాకట్ల రాలేదు మేడం" అంటే, అక్కడే కూర్చుని ఆ చీటీ నోటుబుక్కులోకి ఎక్కించండి. రిపోర్టు ఇంకా మీ చేతిలోనే ఉంది కాబట్టి దిద్దుకోవచ్చు.